బుట్టలో ఇరవై నాలుగు ముక్కలు

ఆశ చేతులు చూస్తే నాకు ఒళ్ళు మండేది. ముఖం కాదు, మార్కులు కాదు, చేతులే. మార్కుల్లో నేనే ముందు, ఆ సంగతి మా డిపార్ట్‌మెంట్లో ఎవర్నడిగినా చెబుతారు. బయోమెడికల్ సైన్సెస్ ఎమ్మెస్సీలో మొదటి మూడు సెమిస్టర్లూ ఫస్ట్ నేను, సెకండ్ ఆమె. అయినా సరే, ప్రాక్టికల్ అనేసరికి మా ప్రొఫెసర్ భీమశంకరరావు గారి చూపు ముందు బెంచీలో ఉన్న నన్ను దాటుకుని వెనక బెంచీకి పోయేది. "ఆశా, ఇలా రామ్మా, వీళ్ళకి ఒకసారి కోసి చూపించు" అనేవారు. ఆ వీళ్ళలో నేనూ ఉన్నాను! ఎంత మంటగా ఉంటుందో మీరే చెప్పండి.

కోయడమంటే ఏమీ లేదు. ఎలుక కాలేయం ముక్కని మైనంలో బిగించి, మైక్రోటోమ్ అనే యంత్రం మీద కాగితం కన్నా పలచటి పొరలుగా తీయాలి. చక్రం తిప్పుతుంటే పొరలు ఒకదానికొకటి అంటుకుని రిబ్బనులాగా రావాలి. నేను తిప్పితే ముడతలు పడేవి, చిరిగేవి, పొడిపొడిగా రాలేవి. ఆశ తిప్పితే రిబ్బను తాపీగా జారుకుంటూ వచ్చేసేది. దాన్ని చిన్న కుంచెతో ఎత్తి, వేడినీళ్ళ మీద పరిచి, గాజు పలక మీదకి ఎక్కించేసేది. చుట్టూ ఎవరు నిలబడ్డారో కూడా చూసేది కాదు.

ఒకసారి ఉండబట్టలేక అడిగాను. "ఎలగొస్తాదే నీకు?"

"సిన్నప్పట్నుంచీ మాయమ్మ పక్కన కూకుని సేపలు కోసేను కదే. కత్తిని నొక్కకూడదు, లాగాల. అంతే" అంది ఆశ.

అంతేనట! ఆ రోజు ఇంటికెళ్ళి వంకాయ మీద లాగి చూశాను. వేలు తెగింది.

ఆశది జాలరిపేట. తండ్రి ఎల్లాజీ వేటకి పోతాడు, తల్లి తవిటమ్మ చేపలమ్ముతుంది. మాది దువ్వాడ. నాన్న ఉక్కు ఫ్యాక్టరీలో పనిచేస్తారు. అమ్మకి నన్ను డాక్టర్ని చేయాలని కోరిక. ర్యాంకు రాక నేను ఇటొచ్చి పడ్డాను. ఇప్పటికీ చుట్టాలొస్తే "మా పుష్ప డాక్టరేనమ్మా, కాకపోతే ల్యాబులో" అని చెప్పుకుంటుంది. ఆ మాట విన్నప్పుడల్లా నాకు తల కొట్టేసినట్టుండేది. ఎక్కడో ఒకచోట నిజంగా మొదటి దాన్నని చూపిస్తే గాని అమ్మ ఆ అబద్ధం మానదు.

ఆ అవకాశం ఆఖరి సెమిస్టర్లో వచ్చింది. హైదరాబాదులో ఒక పరిశోధన సంస్థ మా డిపార్ట్‌మెంట్ నుంచి ఒక్కరిని తీసుకుంటామంది. ఏడాది ట్రైనింగు, పనితనం నచ్చితే అక్కడే పీహెచ్‌డీ. మార్కులు చూడరు, ప్రాజెక్టు స్లైడ్లు చూస్తారట. ఒక్కరి పేరే పంపాలి. భీమశంకరరావు గారు నోటీసు చదివి, ముందు నన్ను చూశారు, తర్వాత వెనక బెంచీ వైపు చూశారు. 

ఇద్దరి ప్రాజెక్టులూ ఇంచుమించు ఒకటే. నొప్పుల మాత్ర మోతాదు మించితే కాలేయం దెబ్బతింటుంది. దాన్ని ఏదైనా మొక్క రసం కాపాడుతుందా అని చూడటం. ఆమెది నేల ఉసిరి, నాది తిప్పతీగ. చెరి పన్నెండు ఎలుకలు, నాలుగు గుంపులు. ఏమీ ఇవ్వనివి, మందు మాత్రమే ఇచ్చినవి, మందుతో పాటు రసం కొంచెం ఇచ్చినవి, ఎక్కువ ఇచ్చినవి. చివర్లో ఒక్కో కాలేయాన్ని ఫార్మలిన్ పోసిన సీసాలో ఉంచి, దాంట్లోంచి ఒక ముక్కని క్యాసెట్ అనే చిల్లుల ప్లాస్టిక్ పెట్టెలో పెట్టి, పెట్టె అంచు మీద నంబరు రాసి, కోసే యంత్రం కాక ఇంకో యంత్రంలో పెట్టాలి. యంత్రం వాటిని ఆల్కహాలులో, జైలీను అనే ద్రావకంలో ముంచి, చివరికి మైనం పట్టిస్తుంది. సాయంత్రం పెడితే మర్నాటి పొద్దుటికి సిద్ధం.

ఇక్కడ ఒక సంగతి. ఆ నంబర్లు పెన్సిల్‌తోనే రాయాలి. ఎంత గట్టి ఇంకయినా ఆల్కహాలు, జైలీను తుడిచి పారేస్తాయి. ఈ మాట మాకు మొదటి వారంలోనే చెప్పారు. ఆఖరి కౌన్సెలింగులో సీటొచ్చిన ఆశ మూడు వారాలు ఆలస్యంగా చేరింది. ఆ తర్వాత ఎప్పుడూ క్యాసెట్ల మీద మేం రాయాల్సిన అవసరం పడలేదు. అటెండరు సూరన్నే రాసిపెట్టేవాడు. సూరన్న మోకాలి ఆపరేషన్‌కి సెలవు పెట్టిన వారమే మా ముక్కలు యంత్రమెక్కాల్సి వచ్చింది.

ఆ మంగళవారం నేను పొద్దున్న కాలేజీకి వెళ్ళలేదు. నా ముక్కలు పై మంగళవారం పెడదామనుకున్నాను. ఆమెవి అయిపోయాక, యంత్రం నా ఒక్కదానికే దొరికాక, తీరిగ్గా పెట్టుకోవాలని. సాయంత్రం లైబ్రరీ పుస్తకాలు తిరిగిచ్చేయాలని దువ్వాడలో రైలెక్కాను. దారిలో ఫోన్ మోగింది. ఆశ. కట్ చేశాను. మళ్ళీ మోగింది. మళ్ళీ కట్ చేశాను. ఏముంటుంది చెప్పడానికి, "సార్ మెచ్చుకున్నారే" అనేగా! నాకు వినే ఓపిక లేదు.

పుస్తకాలిచ్చేసి ఊరికే ల్యాబు వైపు వెళ్ళాను. ఊరికే అంటే అబద్ధం. ఆమె పని ఎంతవరకు వచ్చిందో చూడ్డానికే వెళ్ళాను. ల్యాబులో ఎవరూ లేరు. ఆశ సంచీ కుర్చీకి తగిలించి ఉంది, యంత్రం తాళం తేవడానికి ఆఫీసుకి వెళ్ళినట్టుంది. బల్ల మీద స్టీలు బుట్ట, దాని నిండా క్యాసెట్లు. పై వరసలో నల్లగా, గుండ్రంగా, అందంగా రాసిన నంబర్లు.

నల్లగా. మార్కరు పెన్నుతో.

పెన్ను కూడా అక్కడే ఉంది, మూత పెట్టి. నాకు తెలుసు ఆ పెన్ను. వాళ్ళింట్లో ఐసు పెట్టెల మీద పేరు రాసే పెన్ను. "ఉప్పునీళ్ళకి ఆర్నెల్లయినా పోదే" అని ఆమే ఒకసారి గొప్పగా చెప్పింది. సముద్రానికే పోనిది ఇంక దేనికి పోతుందిలే అనుకుని ఉంటుంది, పిచ్చిది.

నేనేం చేశానో చెబుతాను. ఏమీ చేయలేదు. బుట్టని ముట్టుకోలేదు, పెన్సిల్ తీయలేదు, ఆశ కోసం ఆగలేదు. ఆమె వచ్చేలోగా గబగబా మెట్లు దిగిపోయాను. నేను చెడగొట్టలేదు కదా, నేను రాయలేదు కదా, నా తప్పేముంది అని బస్సు దాకా నాకు నేనే చెప్పుకున్నాను. నిజం చెప్పమంటే, సంతోషంగా ఉంది. దరిద్రపు సంతోషం. ఇంటికెళ్ళేసరికి ఆశ నుంచి ఇంకో కాల్. మాట్లాడితే నోరు జారుతానేమోనని ఫోన్ బోర్లించి పడేశాను. ఆ రోజు అమ్మ చేసిన పులుసు రెండోసారి వడ్డించుకుని తిన్నాను.

బుధవారం అందరికన్నా ముందే ల్యాబుకి చేరాను. ఆశ ముఖం చూడాలి. అంతే నా కోరిక. ఇంత నీచంగా చెప్పుకోవడం ఎందుకంటే, అంత నీచంగానూ ఉన్నాను కాబట్టి.

ఆశ యంత్రం తెరిచి బుట్ట పైకి తీసింది. ఒక క్యాసెట్ తిప్పి చూసింది, ఇంకొకటి చూసింది. అన్నీ తెల్లగా, కొత్తవి కొనుక్కొచ్చినట్టు ఉన్నాయి. ఒక్క అంకె లేదు.

"ఓలమ్మో! రాసినవన్నీ ఎలిపోయాయే!" అంది. చేతిలోని క్యాసెట్ కింద పడింది. ఆ చేతుల్లోంచి ఒక వస్తువు జారడం నేను మొదటిసారి చూశాను. నా లోపల ఏదో చల్లబడింది.

"అయ్యో, పెన్సిల్‌తో రాయాలి కదే! నీకెవలూ సెప్పలేదేటి?" అన్నాను. గొంతులో ఎంత జాలి పలికించానో!

ఆశ నా వైపు తిరిగింది. కళ్ళనిండా నీళ్ళు. "నన్ను సంపీయే పుష్పా. నీవి కూడా అందులోనే ఎట్టీసేను."

ఒక్క క్షణం నాకు అర్థం కాలేదు. 

"నావా? నావెందుకు ఎట్టేవ్? ఎవరెట్టమన్నారు నిన్ను?"

"నిన్న మద్దేనం సార్ వచ్చి సెప్పేరే. రేపట్నుంచి మెషినికి సర్వీసంట, పది రోజులుండదంట. పేరు శుక్రవారం పంపీయాలంట. ఇయ్యాల ఎట్టకపోతే నీకు సాన్సు పోద్దని, నీ సీసాల్లోంచి నాను కోసి ఎట్టీసేను. నీకు ఫోన్ సేసేను, మూడు సార్లు. ఎత్తలేదు నువ్వు."

బుట్టలో ఒకదాని మీద ఒకటి రెండు వరసలు పేర్చింది. పైన ఆమెవి, కింద నావి. నేను పై వరస చూసి సంబరపడిపోయి వెళ్ళిపోయాను. ఒక్క చేత్తో పై వరస ఎత్తి చూసి ఉంటే! ఒక్క రెండు నిమిషాలు ఆగి ఉంటే! రాత్రంతా యంత్రం బుట్టని ముంచి కుదపడంతో ఇప్పుడు ఇరవై నాలుగు ముక్కలూ కలిసిపోయి ఉన్నాయి. ఏది ఎవరిదో, ఏది ఏ గుంపుదో దేవుడికి కూడా తెలియదు. నాకు ఏడుపు ముంచుకొచ్చింది. దానికన్నా ముందు కోపం వచ్చింది, అదీ ఆశ మీదే. సాయం చేయమని అడిగానా నేను?

అంతలో భీమశంకరరావు గారు వచ్చారు. సంగతి విని కుర్చీలో కూలబడ్డారు. "దెబ్బతిన్న ముక్కలు చూస్తే తెలిసిపోతాయి కదా అనకండి. చూసి పేరు పెట్టడం సైన్సు కాదు, మోసం" అన్నారు. మేమేమీ అనకుండానే అన్నారు. నేను సరిగ్గా ఆ మాటే అనబోతున్నాను.

ఆశ కళ్ళు తుడుచుకుని ఒక క్యాసెట్ మూత తీసింది. మైనం పట్టిన ముక్కని వెలుతురుకి ఎత్తి చూసింది. ఇంకొకటి తీసింది. మూడోది తీసేసరికి ఆమె భుజాలు కిందకి దిగాయి.

"నావి తెలిసిపోతాయి సార్. గాట్లెట్టేను."

"గాట్లా?"

"మా పేటలో నాలుగు పడవలోల్ల సేపలు ఒక్క ఐసు పెట్టిలోనే ఏత్తారు సార్. ఎవరివి ఏవో తెలవాల కదా, అందుకని తోక మీద గాటెడతారు. మా ఇంటిది రెండు గాట్లు. కాయితం తడిసిపోద్ది, పేరు సెరిగిపోద్ది, గాటు పోదు. అలవాటు కొద్దీ ఈటికి కూడా ఎట్టీసేను. ఈ పక్క గాట్లు గుంపు నంబరు, ఆ పక్కవి ఎలక నంబరు."

మాస్టారు ముక్క చేతిలోకి తీసుకుని, కళ్ళజోడు నుదుటి మీదకి నెట్టి, అటూ ఇటూ తిప్పి చూశారు. ఒక పక్క మూడు సన్నటి గాట్లు, ఇంకో పక్క ఒకటి. మూడో గుంపు, మొదటి ఎలుక. "ముప్ఫై ఏళ్ళుగా ఈ ల్యాబులో ఉన్నాను. ఇంత శుభ్రమైన పని చూడలేదమ్మా" అన్నారు.

నా బతుకు బుట్టలో కలిసిపోయి పడి ఉంటే, ఆ మాటకి నాకు మళ్ళీ కళ్ళు కుట్టాయి. వాళ్ళింటికి ఒక గాటుంది. మా ఇంటికి ఏముంది, గేటు మీద నేమ్ ప్లేటు తప్ప! సిగ్గులేని కళ్ళు నావి.

గాట్లున్న ముక్కలు పన్నెండు ఒక పక్క, గాట్లు లేనివి పన్నెండు ఇంకో పక్క చేరాయి. గాట్లు లేనివి నావి. నున్నగా, ఒకేలా ఉన్నాయి.

"మరి పుష్పవాటికి పెట్టలేదేం?" అన్నారు మాస్టారు.

"ఒకలి సేపకి ఇంకొకలు గాటెట్టకూడదు సార్. మా కాడ తన్నుకుంటారు దానికి. దాన్నడిగి ఎడదామని ఫోన్ సేసేను. మెషినేసీ ముందు రెండుసార్లు, ఏసీసేక ఒకసారి. ఎత్తలేదు."

 ఆ ఫోన్ దానికి! రైల్లో మోగుతుంటే నేను కట్ చేసింది దాన్ని!

అప్పుడు ఆశ ఇంకో మాట అంది. "సార్, దానివి పాడయింది నా వల్ల. పెన్నుతో రాసింది నాను. నా పేరు పంపకండి. పుష్ప పేరే పంపీయండి. దాని స్లైడ్లు మెషినొచ్చేక పంపుతామని రాయండి. దానికి మార్కులు కూడా ఎక్కువ కదా."

మాస్టారు నుదుటి మీది కళ్ళజోడు దించుకున్నారు. తర్వాత నా వైపు చూసి, "నువ్వేమంటావు?" అన్నారు.

నేను ఏమీ అనక్కర్లేదు. నిన్న సాయంత్రం లాగే నోరు మూసుకుని ఊరుకుంటే చాలు, హైదరాబాదు నాది. అమ్మ చుట్టాలకి నిజమే చెప్పుకుంటుంది. ఊరుకుందామనే అనుకున్నాను కూడా. కానీ ఆశ అక్కడ నిలబడి ఉంది, ముక్కు ఎర్రగా, తల నిటారుగా, తనది కాని తప్పుని కూడా నెత్తినేసుకుని. నాకు జాలి కలగలేదు. మంచి బుద్ధీ పుట్టలేదు. వచ్చింది పాత మంటే. తప్పు ఒప్పుకోవడం కూడా దీనికే చేతనవుతుందా? ఇందులో కూడా నేను సెకండేనా?

"నాను సూసేను సార్" అన్నాను. మాస్టారి ముందు ఎప్పుడూ పుస్తకంలో భాష మాట్లాడేదాన్ని, ఆ రోజు ఇంట్లో భాష వచ్చేసింది. "నిన్న సాయంత్రం వచ్చేను. పెన్నుతో రాసుందని సూసేను. పోద్దని తెలుసు. కావాలనే సెప్పలేదు."

 ఆశ నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది. గాట్లున్న పన్నెండు ముక్కలూ ట్రేలో సర్దుకుని, మైక్రోటోమ్ గదిలోకి వెళ్ళి తలుపేసుకుంది.

"సీసాల్లో మిగిలిన కాలేయం ఉంది కదా. యంత్రం వచ్చాక మళ్ళీ చేసుకో. డిగ్రీకి ఇబ్బంది లేదు" అన్నారు మాస్టారు. లేచి వెళ్ళిపోయారు. శుక్రవారం ఆశ పేరు వెళ్ళింది.

పది రోజులు ఆశ నాతో మాట్లాడలేదు. క్యాంటీన్లో నేను కూర్చున్న బల్ల దాటుకుని పోయేది. అమ్మకి సీటు రాలేదని మాత్రమే చెప్పాను, ఎందుకు రాలేదో చెప్పలేదు. "ఆ జాలరోల్ల పిల్లకి ఇచ్చేసేరా, నిన్ను కాదని?" అని అమ్మ మండిపడుతుంటే, ఇన్నాళ్ళూ నా లోపల మాట్లాడిన గొంతు అదేనని తెలిసి తల దించుకున్నాను.

యంత్రం తిరిగొచ్చిన రోజు మధ్యాహ్నం సీసాలు ముందేసుకుని కూర్చున్నాను. బ్లేడు పెడితే కాలేయం నలిగిపోతోంది. రెండు ముక్కలు పాడు చేశాను. మూడోదానికి బ్లేడు ఆనించేసరికి వెనక నుంచి ఆశ గొంతు వినిపించింది.

"నొక్కకూడదు, లాగాలని సెప్పేను కదా."

నేను తల తిప్పలేదు. "నాకు రాదు. నువ్వు కొయ్యవే" అన్నాను.

"నీ వాటి మీద నాను సెయ్యెయ్యను."

"నానడుగుతన్నాను కదా. కొయ్యి. గాట్లు కూడా ఎట్టు."

 ఆశ స్టూలు లాక్కుని పక్కన కూర్చుని, చేయి చాపింది. బ్లేడు ఆ చేతిలో పెట్టాను. ఒక్కో ముక్కా కోసి, ఒక్కోదానికీ గాట్లు పెట్టుకుంటూ పోయింది. ఆ వేళ్ళు చూస్తూ కూర్చున్నాను. ఇంకా అసూయగానే ఉంది, దాచుకోవడం ఎందుకు.

ఎనిమిదో ముక్క దగ్గర, తల ఎత్తకుండానే అడిగింది. "కింద వరసలో నీవి ఉన్నాయని తెలిస్తే సెప్పుందువా?"

"సెప్పుందును."

"నావి ఒక్కటే అయితే?"

"సెప్పను."

ఆశ మిగిలిన నాలుగూ కోసింది. చేయి ఎక్కడా ఆగలేదు. బ్లేడు కడిగి, తుడిచి, బల్ల మీద పెట్టి లేచింది. ఖాళీ క్యాసెట్లు పన్నెండూ నా ముందుకి తోసి, తన జేబులోంచి ఒక పెన్సిల్ తీసి వాటి పక్కన పెట్టింది.

"నంబర్లు నువ్వే రాసుకో" అని వెళ్ళిపోయింది.